ఎవరింటికి వెళ్తున్నారు?

వేసవి సెలవులు దగ్గరపడితే మా పెదవాల్తేరు వీధిలో అందరి నోటా ఒకటే ప్రశ్న, ఈసారి ఏ దేశం అని. ఒకళ్ళు యూరప్ అంటారు, ఇంకొకళ్ళు దుబాయ్ ఎలాగూ అయిపోయింది కాబట్టి బాలి అంటారు. పేపర్లో వచ్చే ప్యాకేజీ ప్రకటనలు మరీ ముచ్చటగా ఉంటాయి. పదిరోజుల్లో అరడజను దేశాలు, వెంట మన ఆంధ్రా వంటవాడు, పొద్దున్నే ఇడ్లీ, రాత్రికి ముద్దపప్పు, ఆవకాయ. అంత దూరం విమానమెక్కి వెళ్ళి, అక్కడివాళ్ళెవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా, అక్కడి పొయ్యి మీద ఉడికింది ఒక్క ముద్ద నోట పెట్టకుండా క్షేమంగా తిరిగి రావడానికి లక్షలు పోసే ఏర్పాటన్నమాట. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అది సుఖమే, కాదనను. కానీ దాన్ని ప్రయాణం అనడానికి నాకు నోరు రాదు.

మా ఆయనా నేనూ పాటించే పద్ధతి వేరు. తెలిసినవాళ్ళ ఇల్లు లేని దేశానికి మేం వెళ్ళం, అంతే. అందుకే మా పాస్‌పోర్టుల్లో ప్యారిస్ లేదు, స్విట్జర్లాండ్ లేదు. ఇథియోపియా రాజధాని అద్దిస్ అబాబా ఉంది, టాంజానియా దీవి జాంజిబార్ ఉంది, మలేషియాలో క్లాంగ్ అనే రేవు పట్నం ఉంది, మారిషస్ ఉంది. ఇది పొదుపు కోసం పెట్టుకున్న నియమం కాదు. ఆయన మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఓడ మీదున్న రోజుల్లో సగం ప్రపంచం రేవులు చూశారు. కదిపితే మాత్రం ఆయన చెప్పేది రేవుల గురించి కాదు, ఒడ్డుకి దిగాక ఎవరింట్లో ఏం తిన్నారో అదే చెబుతారు. నేను బ్యాంకులో చేశాను. నా ప్రపంచం మా మేడమీద వాటాలోకి అద్దెకొచ్చింది.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. విదేశం వెళ్తే చుట్టపు చూపుగా వెళ్ళాలి. చుట్టరికం అన్నాక రాకపోకలు రెండు వైపులా ఉండాలి. మనవాళ్ళు మొదటిదే తక్కువ చేస్తారు, రెండోదైతే అసలు చెయ్యరు.

మా పైవాటా సంగతి చెప్పాలి. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో పెట్టింది, మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఇథియోపియాలో ప్రభుత్వం వరసపెట్టి కొత్త యూనివర్సిటీలు తెరిచినప్పుడు వాటిల్లో పాఠాలు చెప్పే కుర్రాళ్ళకి డాక్టరేట్లు కావాల్సొచ్చింది. వాళ్ళలో చాలామందిని ఇండియా పంపారు, ఒక మంద మన వైజాగ్ వచ్చింది. అలా వచ్చినవాళ్ళలో ఒక జంట, చంటిపిల్లతో సహా, మా పైన దిగారు. ఆ అమ్మాయి మూటకట్టి తెచ్చుకున్న టెఫ్ అనే గింజల పిండి కొన్నాళ్ళకి అయిపోతే, మా వైపు దొరికే చోడిపిండీ బియ్యప్పిండీ కలిపి, రెండు మూడు రోజులు పులియబెట్టి, నా దోసె పెనం మీదే ఇంజెరా పోసేది. ఒక వైపే కాల్చి, మూతపెట్టి తీసే పెద్ద అట్టు అది, పైనంతా కళ్ళు కళ్ళుగా ఉంటుంది. మొదట్లో రుచి నచ్చలేదు. పులుపు ఎక్కువ. తర్వాత తర్వాత పైనుంచి వాసన వస్తే నేనే గిన్నె పట్టుకుని మెట్లెక్కేదాన్ని.

వాళ్ళు చదువయ్యి వెళ్ళిపోయాక మేం వెళ్ళాం. సెప్టెంబరు 11న వాళ్ళ కొత్త సంవత్సరం, వానలు తగ్గి కొండలన్నీ పచ్చగా, పసుప్పచ్చ పూలతో ఉండే సమయం. అద్దిస్ సముద్రానికి 2,300 మీటర్ల పైన ఉంటుంది, అరకు ఎత్తుకి రెట్టింపు కంటే ఎక్కువ. ఎండగా ఉన్నా నేను శాలువా తియ్యలేదు. వాళ్ళ గడియారం తెల్లారడంతో మొదలవుతుంది, మన ఏడు గంటలు వాళ్ళకి ఒంటిగంట. క్యాలెండర్లో 13 నెలలు, సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక. ఇవన్నీ గైడు పుస్తకంలోనూ ఉంటాయి. పుస్తకంలో లేనిది, మా పైవాటా కుర్రాడి తల్లి మా ఆయనకి అన్నం తినిపించడం.

అది ఎలా జరిగిందో చెప్తాను. పెద్ద గుండ్రటి పళ్ళెంలో ఇంజెరా పరిచి, దాని మీద కుప్పలు కుప్పలుగా కూరలు పోస్తారు, చుట్టూ కూర్చుని అందరూ అందులోంచే తింటారు. ఆ పెద్దావిడ ఇంజెరా ముక్క చింపి, దాంతో కాస్త పప్పు, కాస్త ఆకుకూర, కాస్త ఎర్రటి మసాలా కూర ఒడుపుగా చుట్టి, ఇంత లావు ముద్ద చేసి మా ఆయన నోటి దగ్గర పెట్టింది. దీన్ని గుర్షా అంటారు, ప్రేమ ఉన్నచోట పెడతారు, వద్దనకూడదు. అరవై దాటిన మనిషి, ఓడలో ఇంజను రూములో పదిమంది మీద కేకలేసిన మనిషి, నోరు తెరవక తప్పలేదు. ముద్ద పెద్దదయ్యేకొద్దీ ప్రేమ ఎక్కువని లెక్క, ఆవిడది మామూలు ప్రేమ కాదు. నములుతుండగానే రెండోది సిద్ధం, ఒక్కదాంతో ఆపితే బాగుండదట. మా ఆయన చెంపల మీదుగా నూనె కారుతోంది, కళ్ళల్లో నీళ్ళు, అది కారమో మరోటో నాకు తెలీదు, నేను అడగలేదు.

ఆఫ్రికాలో శాకాహారులు పస్తులుండాల్సిందే అని నాకు ఎంతమంది చెప్పారో! ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధవారం, శుక్రవారం ఉపవాసం, ఈస్టరుకి ముందు 55 రోజులు ఉపవాసం, ఇంకా బోలెడు ఉన్నాయి. ఉపవాసమంటే మాంసమే కాదు, గుడ్డు, పాలు, వెన్న ఏవీ ముట్టరు. కాబట్టి ఏ హోటల్లో అడిగినా ఉపవాసం పళ్ళెం దొరుకుతుంది. ఎర్ర కందిపప్పు లాంటి మిసిర్, ఆకుకూర, బంగాళాదుంప, క్యాబేజీ, పైగా షిరో అని సెనగపిండితో చేసే చిక్కటి కూర. ఆ షిరో తింటుంటే పూరీల్లోకి మనం చేసుకునే బొంబాయి చట్నీయే, కాకపోతే కారం ఎక్కువ. కార్తీక మాసంలో మన ఊళ్ళో నాకు ఇన్ని రకాలు దొరకవు.

కాఫీ సంగతి ఇంకో పెద్ద కథ. మేం గొప్పగా అరకు కాఫీ పొడి పట్టుకెళ్ళాం. కాఫీ పుట్టిన దేశానికి కాఫీ పట్టుకెళ్ళడం మా ఆయన ఐడియా. ఆవిడ ప్యాకెట్ వాసన చూసి, బాగుందని తలూపి, అటక మీద పెట్టేసింది. ఎక్కడో ఎప్పుడో వేయించి పొడి చేసిన కాఫీ ఇంటికొచ్చిన అతిథికి ఎవరైనా ఇస్తారా? నేల మీద పచ్చగడ్డి పరిచింది, సాంబ్రాణి వేసింది, పచ్చి గింజలు కడిగి మా ముందే మూకుడులో వేయించింది. గింజలు నల్లబడి పొగ లేవగానే మూకుడు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఆ పొగ పీల్చమంది. తర్వాత దంచి, మెడ సన్నగా ఉండే మట్టికూజాలో కాచి, చెవుల్లేని చిన్న కప్పుల్లో పోసింది, నంజుకోవడానికి పేలాలు. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి రెండో విడత, మూడో విడత. అబోల్, తోనా, బరకా అని మూడింటికీ పేర్లున్నాయి. మూడోది ఆశీర్వాదం, అది తాగకుండా లేస్తే మర్యాద కాదు. మొత్తం గంటన్నర పట్టింది. ఈలోపు పక్కింటివాళ్ళు వచ్చారు, ఎదురింటి ముసలాయన వచ్చాడు, చిన్నప్పుడు తనకి లెక్కలు చెప్పిన ఇండియన్ మాస్టారి గురించి చెప్పాడు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో మన దేశం నుంచి టీచర్లు చాలామంది అక్కడికి వెళ్ళారు, అద్దిస్‌లో ఆ వయసువాళ్ళని కదిపితే అలాంటి మాస్టారు ఒకరు తగులుతారు. లెక్కలు తప్పితే వేళ్ళ మీద కొట్టేవాడని చెప్పి, ఆ మాస్టారి తరఫున నేను క్షమాపణ చెప్పాలన్నట్టు నావైపు చూసి నవ్వాడు.

వాళ్ళు మమ్మల్ని లాలిబెలా తీసుకెళ్ళాలని అనుకున్నారు. కొండరాయిని పైనుంచి కిందికి తొలిచి కట్టిన 11 చర్చిలు ఉన్నాయక్కడ. బయల్దేరే ముందు రోజు పక్క వీధిలో ఒకాయన పోయారు. ఇక ప్రయాణం లేదు, దాని గురించి ఎవరూ ఒక్కమాట కూడా అనలేదు. వాళ్ళ పేటల్లో ఇదిర్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. ఇంటింటికీ నెలకింత అని వేసుకుంటారు, ఎవరింట్లోనైనా చావు వస్తే ఆ సంఘమే టెంటు వేస్తుంది, బెంచీలు, గిన్నెలు తెస్తుంది, వంట చేయిస్తుంది. డబ్బు కట్టడంతో సరిపోదు, వచ్చి కూర్చోవాలి. మా కుర్రాడు మూడు రోజులూ వెళ్ళి కూర్చున్నాడు, మా ఆయన్ని కూడా వెంటబెట్టుకెళ్ళాడు. పోయినాయన ఎవరో ఈయనకి తెలీదు, అక్కడి భాష తెలీదు. ఊరికే బెంచీ మీద కూర్చుని, ఇచ్చింది తిని, అందరూ లేచినప్పుడు లేచారు. చివరి రోజు ఆ ఇంటి పెద్దకొడుకు వచ్చి ఈయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇక్కడ మా వీధి గ్రూపులో ఎవరైనా పోతే రెండు చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి, సాయంత్రానికల్లా ఎవరో వంటల వీడియో పెడతారు.

మా బీచ్ వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన ఉన్నాడు, అన్ని దేశాలూ చూసినవాడు, వెళ్ళిన చోటల్లా ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం బిళ్ళ తెస్తాడు. ఇథియోపియా వెళ్ళి లాలిబెలా చూడకుండా వచ్చారా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఆ చర్చిలు చూడాల్సినవే, మళ్ళీ వెళ్తే చూస్తాం. అయితే టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ లాలిబెలా కనిపిస్తుంది. ఇదిర్ టెంటులో బెంచీ మీద చోటు మాత్రం ఎవరో పిలిచి కూర్చోబెడితేనే దొరుకుతుంది. రెండింటిలో ఏది అరుదో ఆయన్నే చెప్పమన్నాను. ఆయన బఠాణీల బండి వైపు నడిచాడు.

జంటగా తిరగడం గురించి కూడా ఒక మాట. ఫొటోల్లో చూస్తే మొగుడూ పెళ్ళాం ఎప్పుడూ పక్కపక్కనే, వెనకాల ఏదో కట్టడం. ఇళ్ళకి వెళ్తే అలా కుదరదు. జాంజిబార్‌లో మా ఆయన పాత ఓడ స్నేహితుడి ఇంటికి రంజాన్ నెలలో వెళ్ళాం. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి మగవాళ్ళందరూ బయట చాపల మీద, ఆడవాళ్ళం లోపల. మా ఇద్దరికీ రెండు వేరు వేరు ప్రయాణాలయ్యాయి. ఆయనకి లవంగాల ధరలు, ఓడల కబుర్లు. నాకు వంటిల్లు. అక్కడ కొబ్బరి కోరడానికి చిన్న మడతపీట ఉంటుంది, దాని ముందు పళ్ళున్న ఇనప నాలిక, మగాడు గుర్రమెక్కినట్టు దాని మీద కూర్చుని కోరాలి. కోడళ్ళు ముగ్గురూ నన్ను దాని మీద కూర్చోబెట్టి చూశారు. కోనసీమ అమ్మాయిని, కొబ్బరి కోరడంలో నాకు పరీక్షా? రెండు చిప్పలు చకచకా కోరి పడేశాను. ఆ తర్వాత నన్ను అతిథిగా చూడటం మానేశారు. పెండలం, అరటికాయ కొబ్బరిపాలల్లో ఉడికిస్తుంటే గరిటె నా చేతికే ఇచ్చారు. అత్తగారి గురించి వాళ్ళు చెప్పుకున్న మాటలు మాత్రం ఇక్కడ రాయను, ఆవిడ పక్క గదిలోనే ఉంది. అక్కడి పాత పట్నం స్టోన్ టౌన్‌లో చెక్కుడు తలుపులు అందరూ ఫొటోలు తీసేవే, మేమూ తీశాం, చాలా బావున్నాయి.

మలేషియా గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ మాకు కష్టమే లేదు. 2023 డిసెంబరు నుంచి మనకి 30 రోజులకి వీసా కూడా అడగడం లేదు. అక్కడ నాకు నచ్చింది ఓపెన్ హౌస్ అనే పద్ధతి. రంజాన్ పండక్కి మలయ్ వాళ్ళు, చైనా కొత్త సంవత్సరానికి చైనీయులు, దీపావళికి మనవాళ్ళు తమ ఇంటి తలుపులు తెరిచిపెడతారు. స్నేహితులు, ఆఫీసువాళ్ళు, వాళ్ళ స్నేహితులు ఎవరైనా రావచ్చు, తిని, కాసేపు కూర్చుని, ఇంకో ఇంటికి వెళ్ళొచ్చు. మంత్రులు కూడా పెడతారు, వేలమంది వెళ్తారు. క్లాంగ్‌లో మా స్నేహితుడి ఇంట్లో పండగ నాడు ఒక చైనా ముసలాయన పళ్ళెం నింపుకుని నా పక్కన కూర్చుంటే, మీరు ఈ ఇంటివాళ్ళకి ఏమవుతారు అని అడిగాను. ఏమీ కాను, నిరుడు కూడా వచ్చాను, మాంసం కూర బాగా చేస్తారు అన్నాడు. మనకి పిలవని పేరంటం అంటే తిట్టు, వాళ్ళకది పండగ. సంక్రాంతికి మన వీధుల్లో ఇలా ఎందుకు చెయ్యకూడదో నాకు అర్థం కాదు. గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర సెక్యూరిటీ యాప్‌లో పేరు కొట్టి, ఓటీపీ చెప్పి, అప్పుడు లోపలికెళ్ళి అరిసె తినాలి మనం.

ఇక మారిషస్. అక్కడికి వెళ్ళేముందు అది హనీమూన్ జంటల దేశమని నాకూ తెలుసు, అందరికీ తెలిసినట్టే. మా పైవాటాలో తర్వాత దిగిన అమ్మాయి అక్కడి తెలుగు పిల్ల. తెలుగు పిల్ల అంటున్నాను కానీ ఇంట్లో మాట్లాడేది క్రియోల్, చదివింది ఫ్రెంచి, ఇంగ్లీషు. ఉగాదికి రమ్మంటే వెళ్ళాం. అక్కడ ఉగాది దేశమంతటికీ సెలవు, మన పక్క రాష్ట్రాల్లో కూడా అన్నిచోట్లా లేని మర్యాద. 1834 నుంచి చెరుకు తోటల్లో పని కోసం మన దేశం నుంచి దాదాపు 5 లక్షల మందిని ఒప్పంద కూలీలుగా ఆ దీవికి చేర్చారు. పోర్ట్ లూయీ రేవులో వాళ్ళు దిగిన చోటు, ఆప్రవాసి ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రాతిమెట్లు కొన్ని మిగిలున్నాయి. ఆ మెట్ల దగ్గర మేం ఉన్నది కాసేపే, ఎందుకంటే ఆ అమ్మాయి మేనత్త వంట చేసి ఎదురు చూస్తోంది.

మేనత్త ఇంట్లో పూజగదిలో సింహాద్రి అప్పన్న! నేను నిజంగా నిలబడిపోయాను. రోజూ మా డాబా మీద నుంచి అటు తిరిగి దండం పెట్టుకునే దేవుడు హిందూ మహాసముద్రం మధ్యలో, చెరుకు తోటల పక్కన, రేకుల కప్పు కింద కూర్చుని ఉన్నాడు. అక్కడి తెలుగువాళ్ళకి అప్పన్న పూజ, రాత్రంతా దీపం చుట్టూ పాడే రామ భజనం, అమ్మోరి పండగ, ఇవి తాతల నాటి నుంచి వస్తున్నాయి. మేనత్త ఒక పాత నోటుపుస్తకం తీసి పాడింది. తెలుగు భజనలే, రాసి ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, ఫ్రెంచివాళ్ళు పలికే వరసలో. అర్థం చాలావరకు ఆవిడకి తెలీదు. కానీ ఎక్కడా ఒక్క అక్షరం జారలేదు, తాళం తప్పలేదు. నాకు అర్థం తెలుసు, పాట రాదు. ఆ తర్వాత అరిటాకు వేసి ఏడు కూరలు వడ్డించారు, వాళ్ళ పెళ్ళిళ్ళలో పెట్టే భోజనం అది. పక్కన పెట్టిన మిరపకాయల గారెలు మన మసాలా వడలకి చెల్లెళ్ళు.

ఇక రెండో సగం, మనవాళ్ళు చెయ్యనిది. ఇస్తినమ్మ వాయనం అన్నవాళ్ళకి పుచ్చుకుంటినమ్మ అనే నోరు ఒక్కటీ ఉంటే సరిపోదు, మళ్ళీ ఇచ్చే చెయ్యి కూడా ఉండాలి కదా. ఆ మేనత్తా ఆవిడ భర్తా ఒక ఏడాది అక్షయ తృతీయకి వైజాగ్ వచ్చారు. ఏడాదంతా చందనం కింద ఉండే స్వామి నిజరూపం ఆ ఒక్కరోజే కనబడుతుంది, లక్షల జనం. రాత్రి నుంచి క్యూలో నిలబడి, తోపులాటకి ఆవిడ క్రియోల్‌లో అందర్నీ తిట్టింది, ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి గొడవ కాలేదు. దర్శనమయ్యాక కింద పులిహోర పొట్లం విప్పి, మా ఇంట్లో దీనికంటే బాగా చేస్తాం అంది. తర్వాత వాళ్ళ ముత్తాత ఊరు వెతకడానికి కారేసుకుని విజయనగరం వైపు వెళ్ళాం. మారిషస్‌లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి కూలీల రికార్డులు ఉన్నాయి, అందులో జిల్లా విజాగపటం, కింద ఏ తెల్ల గుమాస్తా రాశాడో ఊరి పేరు. ఆ పేరుకి దగ్గరగా ఉన్న ఊళ్ళు ఒకటి కాదు. ఏ ఊరో తేలలేదు. ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ విషయమంతా విని, చోడి అంబలి పోసి, "ఇదే అనీసుకోమ్మా, ఏటైపోద్ది" అంది. మేనత్త ఆ ఊరి పేరే రాసుకుంది.

ఇంతవరకూ అందరూ ముచ్చటపడతారు, నాకు తెలుసు. తెలుగు మూలాలున్న మారిషస్ వాళ్ళు కాబట్టి. ఇథియోపియా వాళ్ళకి పైవాటా ఇచ్చినప్పుడు మా వీధి ఏమందో కూడా రాస్తాను. వాసనలొస్తాయన్నారు. రాత్రిళ్ళు పార్టీలు చేస్తారన్నారు. ఆడపిల్లలున్న వీధి అన్నారు, ఆ కుర్రాడు పెళ్ళయి పిల్లతో వచ్చినా సరే. మా ఇంటికి రాకముందు వాళ్ళు ఎన్ని టూలెట్ బోర్డుల ముందు నిలబడ్డారో, ఎన్నిచోట్ల ఫోన్లో సరే అన్న ఓనరు మనిషిని చూడగానే ఇప్పుడే ఇచ్చేశామండీ అన్నాడో ఆ అమ్మాయి చాలా రోజుల తర్వాత, మా వంటింట్లో చింతపండు పిసుకుతూ, కథలా చెప్పింది. మామూలుగా చెప్పింది, నాకే చెయ్యి ఆడలేదు. 2022లో, మళ్ళీ 2024లో మిలన్ నౌకా విన్యాసాలప్పుడు ఆర్కే బీచ్‌లో విదేశీ నావికుల కవాతు జరిగితే మా వీధంతా పిల్లల్ని భుజాలకెత్తుకుని వెళ్ళి చేతులూపింది. దూరం నుంచి ఊపడానికి మనకి అభ్యంతరం లేదు. అదే మనిషి అడ్వాన్సు పట్టుకుని గేటు తీస్తేనే ఇబ్బంది. అమెరికాలో మన పిల్లాణ్ణి ఎవడో ఏదో అన్నాడని ఇక్కడ నిద్రపట్టనివాళ్ళే వీళ్ళు.

అందుకే ఆసియా, ఆఫ్రికా దేశాల్లో ఆతిథ్యం ఎంత గొప్పదో అని వీడియోలు పెట్టేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. వాళ్ళింట్లో తింటారు, పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగుతారు, ఊరికొచ్చాక పేదవాళ్ళైనా మనసు పెద్దది అంటారు. ఇది తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాక ఇంకేమిటి? వాళ్ళు పేదవాళ్ళని మీకెవరు చెప్పారు? మా జాంజిబార్ స్నేహితుడి ఇల్లు మా ఇంటికి రెండింతలుంటుంది. అంత బాగా చూసుకున్నవాళ్ళని మీ ఇంటికి ఎప్పుడు పిలిచారో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇలా ఒకళ్ళింటి మీద పడటం వాళ్ళకి భారం కాదా అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్నే. మేం పడక ఎప్పుడూ వాళ్ళింట్లో పెట్టుకోం, దగ్గర్లో గెస్ట్‌హౌస్ చూసుకుంటాం, భోజనాలకీ కబుర్లకీ వెళ్తాం. ఉత్త చేతులతో వెళ్ళం. మాడుగుల హల్వా ఎక్కడికైనా నిలవుంటుంది, ఏటికొప్పాక బొమ్మలు పిల్లలున్న ఇంటికి. అద్దిస్‌లో ఆ లక్క బొంగరం కోసం అన్నాచెల్లెళ్ళు కొట్టుకున్నారు. వాళ్ళింట్లో పనుంటే చేస్తాం, మా ఆయన క్లాంగ్‌లో వాళ్ళ నీళ్ళ మోటారు విప్పి బాగుచేసి వచ్చారు, అడగకుండానే. ఖర్చు తక్కువా అంటే ఏం తక్కువ కాదు, వైజాగ్ నుంచి ఆఫ్రికాకి నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాలి. కానీ యూరప్ వీసా దరఖాస్తుకే మనిషికి 90 యూరోలు, ఇవ్వకపోయినా వెనక్కి రావు, దానికి తోడు బ్యాంకు కాగితాలు పట్టుకుని తిరిగే టెన్షన్. ఆ టెన్షన్ మాకు లేదు. ఇథియోపియా వెళ్ళేవాళ్ళు మాత్రం ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో 6 రోజుల వరకూ విడిగా ఉంచేస్తారు. ఒకసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది, 2016 నుంచి అదే రూలు.

మాకు విదేశాల్లో స్నేహితులెక్కడున్నారండీ అనేవాళ్ళకి ఒకటే చెబుతాను, ముందు ఇక్కడ వెతకండి. యూనివర్సిటీ హాస్టళ్ళలో ఎన్ని దేశాల పిల్లలున్నారో ఎప్పుడైనా అటు వెళ్ళి చూశారా? దసరా సెలవులకి మన పిల్లలు ఊళ్ళకెళ్ళిపోతే వాళ్ళు ఖాళీ హాస్టల్లో బ్రెడ్డు తింటూ ఉంటారు, మెస్సు కూడా మూసేస్తారు. మీ అబ్బాయి క్లాసులోనో, మీ పక్కవాళ్ళ అమ్మాయి డిపార్ట్‌మెంట్‌లోనో ఒకళ్ళు తప్పకుండా ఉంటారు. ఒక ఆదివారం భోజనానికి పిలవండి. వాళ్ళ కోసం చప్పగా వండాలని హడావుడి పడకండి, వాళ్ళ బెర్బెరె కారం ముందు మన గుంటూరు కారం ఏ మూలకి. మొహమాటపడి రెండోసారి వడ్డన వద్దంటే వదిలెయ్యకండి, వాళ్ళ ఊళ్ళో కూడా మొదటిసారి వద్దనే అంటారు. ఇథియోపియా వాళ్ళయితే, బుధవారం శుక్రవారం పిలిస్తే మాత్రం పెరుగు, నెయ్యి సంగతి ఒకసారి అడిగి వండండి.